డాబా మీద పదకొండు మంది పిల్లలు: మా లంక వాళ్ళకి కృతజ్ఞతలు

అందరికీ నమస్కారమండి. మాది వైనతేయ గోదారి పక్కన ఓ లంక. వరద తీసి, ఇల్లు కడుక్కుని, పిల్లలు మళ్ళీ బడికి వెళ్ళడం మొదలెట్టాక ఇప్పటికి కాస్త ఊపిరి తీసుకున్నాను. ఇన్నాళ్ళూ బురద ఎత్తిపోయడంతోనే సరిపోయింది. అన్నం పెట్టినవాళ్ళకి, పడవ ఎక్కించినవాళ్ళకి ఎదురుపడ్డప్పుడల్లా దణ్ణం పెడుతూనే ఉన్నాను. మా పిల్లాడికి చదువు మీద భయం పోగొట్టినవాళ్ళకి మాత్రం నోటితో చెప్పబోతే గొంతు పట్టేస్తోంది. అందుకే ఇలా రాస్తున్నాను.

మావాడిది ఇప్పుడు మూడో తరగతి. 2020లో ఒకటో తరగతిలో చేరాడు. చేరాడన్న మాటేగానీ, కరోనాకి మార్చిలోనే బళ్ళు మూసేశారు కదండీ. చిన్న తరగతులు తెరిచింది 2021 ఫిబ్రవరి 1న. ఏప్రిల్ 20 నుంచి మళ్ళీ మూత. ఆగస్టు 16న తెరిచేసరికి వాడు రెండో తరగతి అయిపోయాడు. ఒకటో తరగతి మొత్తంలో వాడు బడిలో కూర్చున్నది మూడు నెలలు కూడా లేదు. సప్తగిరి ఛానల్లో పాఠాలు వచ్చేవి, కరెంటు ఉన్నప్పుడు చూపించేదాన్ని. టీవీ పాఠం చెబుతుందిగానీ పిల్లాడు ఎక్కడ ఆగిపోయాడో చూడలేదు కదా. మా ఆయన కువైట్‌లో ఉంటారు. నేను ఏడో తరగతితో ఆపేశాను. నాకు తెలిసిన చదువు చెప్పడం ఒక్కటే: పలక ముందు కూర్చోబెట్టి దిద్దించడం, దిద్దకపోతే కొట్టడం. దాచుకోవడం దేనికి, కొబ్బరి ఈనెతో కాళ్ళ మీద కొట్టాను. కొన్నాళ్ళకి వాడు పుస్తకం కనపడితే చాలు కడుపులో నొప్పి అనడం మొదలెట్టాడు. అది దొంగ నొప్పి అనుకుని ఇంకో రెండు వేశాను. ఆ పాపం నాదే.

2022 జులై 5న బళ్ళు తెరిచారు. కొత్త బ్యాగు, కొత్త పుస్తకాలు ఇచ్చారు. ఒక పేజీలో తెలుగు, ఎదురు పేజీలో అదే పాఠం ఇంగ్లీషులో. వాడికి ఆ రెండూ ఒకటే, ఏదీ రాదు. వాసన చూసి మూసేసేవాడు. అట్టలైనా వేయకముందే గోదారి వచ్చేసింది. ధవళేశ్వరం నుంచి 25 లక్షల క్యూసెక్కుల పైనే వదిలారు. మా వీధిలో నీళ్ళు గడపలు దాటిన రోజు పుస్తకాలు పాలిథిన్ సంచిలో కట్టి అటక మీద పెట్టి, పిల్లలిద్దర్నీ చంకనేసుకుని డాబా ఇంటి అత్తయ్యగారి పైఅంతస్తుకి చేరాం.

మొదటి దండం ఆ అత్తయ్యగారికే. ఎనిమిది కుటుంబాలకి ఆవిడ తన పైఇల్లు తాళాలు తీసి ఇచ్చేశారు. పదకొండు మంది పిల్లలు, అందులో ఎనిమిది మంది ఐదో తరగతి లోపువాళ్ళే. చుట్టూ నీళ్ళు, నీళ్ళలో పాములు, పిల్లల్ని ఒక్క క్షణం వదలడానికి లేదు. మొదటి రోజంతా ఏడుపులూ దెబ్బలాటలే.

రెండో రోజు పొద్దున్న మా మాస్టారు లేచారు. మాస్టారంటే మా లంకలో ముప్పై ఏళ్ళు చెప్పి రిటైరైనాయన, మా ఆయనకీ ఆయనే అక్షరాలు దిద్దించారు. ఆయనా మాతోబాటే ఆ డాబా మీదున్నారు. నేను అటక మీద పుస్తకాలు తడిసిపోతాయేమో, పడవలో వెళ్ళి తెచ్చుకుంటానని అంటుంటే, "వాటిని అక్కడే ఉండనీ అమ్మా. మూడు రోజులు ఎవరూ కలం పట్టొద్దు" అన్నారు. నాకు అర్థం కాలేదు. ఇప్పటికే వెనకబడ్డ పిల్లాడికి కలం పట్టొద్దంటారేమిటి అనుకున్నాను.

పిల్లల్ని చుట్టూ కూర్చోబెట్టుకుని మన పాత పొడుపు కథ అడిగారు. అమ్మ అంటే తగులుతాయి, నాన్న అంటే తగలవు, ఏమిటవి? పెద్ద పిల్లలు పెదవులు అన్నారు. అక్కడితో వదల్లేదాయన. "అయితే ఇంకే మాటలకి తగులుతాయో చూడండి" అన్నారు. ఒక్కొక్కరూ వేలు పెదవుల ముందు పెట్టుకుని మాటలు అనుకోవడం మొదలెట్టారు. పడవ అంటే తగిలాయి. బురద అంటే తగిలాయి. పాము, మామిడి, బాబాయి తగిలాయి. గోదారి అంటే తగల్లేదు. వరద అంటే తగల్లేదు. మావాడు నోట్లోనే ఓ పావుగంట నములుకుని, "మాస్టారూ, కొబ్బరి అంటే మధ్యలో తగుల్తున్నాయి!" అని అరిచాడు. చదువు సంగతిలో వాడి గొంతు అంత గట్టిగా నేను ఎప్పుడూ వినలేదండి. అప్పుడు మాస్టారు గోడ మీద బొగ్గుతో ప ఫ బ భ మ రాసి, "నీ పెదవులు తగిలిన చోటల్లా ఈ అయిదుగురిలో ఎవరో ఒకరుంటారు, చూసుకో" అన్నారు. రెండేళ్ళు దిద్దించినా వాడికి గుర్తుండని అయిదక్షరాలు ఆ పూటే వచ్చాయి.

తర్వాత నీళ్ళ లెక్క. ఓ వెదురు కర్రకి బెత్తెడు బెత్తెడుకీ గాటు పెట్టి మెట్ల దగ్గర కట్టారు. పిల్లలు మెట్ల వైపు రాకూడదు, అది మొదటి షరతు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఆయనే దిగి చూసి పైకి కేకేసేవారు, పిల్లలు పైన గోడ మీద రాసేవారు. పెరిగిందా, తగ్గిందా, ఎన్ని బెత్తెలు? మూడు బెత్తెలు ఒక జాన, రెండు జానలు ఒక మూర. ఫోనులో ధవళేశ్వరం వార్త వస్తే దాన్నీ లెక్కలోకి దింపేవారు. 11.75 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. మొదటిదానికీ రెండోదానికీ తేడా ఎక్కువా, రెండోదానికీ మూడోదానికీ ఎక్కువా అని అయిదో తరగతి పిల్లని అడిగారు. రెండు, నాలుగు అని చెప్పేసింది. నీళ్ళని చూసి రాత్రిళ్ళు ఉలిక్కిపడే పిల్లలు, గోడ మీద అంకెలు తగ్గుతుంటే వాళ్ళే పెద్దవాళ్ళకి ధైర్యం చెప్పారు. "నానమ్మా, ఇవాళ రెండు బెత్తెలు తీసింది, ఏడవకు" అని మా పాప మా అత్తగారికి చెప్పింది. దానికి అయిదేళ్ళు.

ఇంకో సంగతి ఇక్కడ చెప్పుకోవాలి. మూడో రోజు మాస్టారు నన్ను పిలిచి, "నువ్వు చెప్పమ్మా లెక్కలు" అన్నారు. నాకేం వచ్చండీ అన్నాను. "కొబ్బరి దింపు రోజున కాయలు ఎవరు లెక్కేస్తారు మీ ఇంట్లో?" అన్నారు. నేనే. చేతికి రెండు చొప్పున వేస్తూ, వంద అయినప్పుడల్లా గుర్తుకి ఓ కాయ పక్కన పెడతాను. "అదే స్థానవిలువ. మూడో తరగతిలో చెప్పేది అదే" అన్నారు. ఆ మాటకి నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇన్నేళ్ళూ నాకు చదువు రాదనే అనుకుంటున్నాను.

కాయలు లేవు కాబట్టి చీపురులోంచి ఈనెలు తీసి విరిచాం. పదేసి ఈనెలు దారంతో ఓ కట్ట. పది కట్టలు కలిపితే పెద్ద కట్ట. ముప్పై ఏడు అంటే మూడు కట్టలు, ఏడు విడి ఈనెలు. ముప్పై ఏడులోంచి పందొమ్మిది తీయాలంటే విడివి చాలవు, ఓ కట్ట విప్పాలి. అప్పు తెచ్చుకోవడం అంటే ఇదా అని వాడికి అప్పుడు తెలిసింది. ఏ ఈనెతో వాణ్ణి కొట్టానో ఆ ఈనెలే వాడు ఒళ్ళో పెట్టుకుని విప్పుతూ కడుతూ కూర్చున్నాడు. నేను పక్కకి వెళ్ళి ఏడ్చాను. రాత్రి వాడు పడుకున్నాక కాళ్ళు పట్టుకుని, ఇంకెప్పుడూ కొట్టనని చెప్పాను. వాడు నిద్రలో ఉన్నాడు, అయినా చెప్పాను.

మధ్యాహ్నాలు ఆటలు. చింతపిక్కలతో వామనగుంటలు, బియ్యం డబ్బా మూత మీద బొగ్గుతో గీసిన అష్టాచెమ్మా. నాలుగు గవ్వలూ వెల్లకిలా పడితే చెమ్మా, నాలుగు. అన్నీ బోర్లా పడితే అష్టా, ఎనిమిది. ఇంకెన్ని పడితే పండుతుందో వేళ్ళు మడవకుండా చెప్పాలి. అత్తయ్యగారు పాత క్యాలెండరు ఇస్తే డిగ్రీ చదివే పక్కింటి అమ్మాయి అంకెలన్నీ కత్తిరించి చీట్లు చేసింది. రాత్రి దీపం పెట్టాక నానమ్మల వంతు. 1986 ఆగస్టు వరదలో ఏం జరిగిందో ఒక్కో పిల్ల తన ఇంట్లో పెద్దవాళ్ళని అడిగి, మర్నాడు అందరి ముందూ నిలబడి చెప్పాలి. అది జరిగి ఎన్నేళ్ళయిందో కూడా చెప్పాలి. మా పాపకి ముప్పై ఆరు అనడం రాదు, మూడు కట్టలూ ఆరు ఈనెలూ చూపించింది.

మాస్టారు ఎప్పుడూ అరగంట దాటనిచ్చేవారు కాదు. పొద్దున అరగంట, సాయంత్రం అరగంట. ఇంకా చెప్పండని పిల్లలు అడుగుతుండగానే ఆపేసేవారు. ఎందుకండీ అంటే, ఆకలి ఉండగానే విస్తరి ముందు నుంచి లేపాలి, అప్పుడే రేపు తొందరగా వస్తారు అన్నారు. అన్నం సంగతిలో ఆ మాట నాకు నచ్చలేదుగానీ చదువు సంగతిలో నిజమేనని చూశాను.

ఇక ఒత్తులు. అసలు బెంగ అదే. రోజూ పాల ప్యాకెట్లూ కూరగాయలూ తెచ్చే బాబాయి పడవ ముందు భాగాన ఎర్ర రంగుతో 'గంగమ్మ తల్లి' అని రాసి ఉంటుంది. మావాడు పైనుంచి చూసి 'గంగమ తలి' అని చదివాడు. ముందైతే నేను నెత్తిన ఒకటి ఇచ్చేదాన్ని. మాస్టారు మాత్రం, "బాగా చదివావురా, అయితే నువ్వు ఇద్దర్ని ఒడ్డునే వదిలేశావు" అన్నారు. కింద ఒత్తు అంటే పడవెక్కిన రెండో మనిషి, వాడి బరువుకి పడవ కాస్త దిగుతుంది, మాట కూడా అక్కడ కాస్త ఆగి దిగాలి అని, మ మీద నొక్కి చూపించారు. గంగమ్...మ. తల్...లి. గడి అంటే అష్టాచెమ్మాలో గడి, గడ్డి అంటే గేదె తినేది, ఒక్క మనిషి ఎక్కితే ఎంత తేడా వచ్చిందో చూడమన్నారు. ఆ రోజు నుంచి పడవ కనపడితే చాలు పదకొండు మందీ పిట్టగోడ దగ్గర చేరి గంగమ్మ తల్లీ అని ఒత్తి ఒత్తి అరిచేవారు. బాబాయి కింది నుంచి ఓయ్ అనేవాడు. తర్వాత బియ్యం మూట మీద అక్షరాలు, సబ్బు కాగితం, పకోడీ పొట్లం, ఏది దొరికితే అది చదవడమే.

నీళ్ళు తీశాక బడి బాగుచేసి తెరవడానికి ఇంకో వారం పట్టింది. అప్పటికి నాకు ధైర్యం వచ్చింది. వాకిట్లో చెయ్యి మందాన ఒండ్రు పట్టింది కదా, ఎత్తిపోసే ముందు అందులోనే పుల్లతో గోదారి గీయించాను. ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట, కాటన్ దొర 1852కి కట్టింది అని మాస్టారు చెప్పారు. దాని కింద గౌతమి ఒక పక్కకి, వసిష్ఠ ఒక పక్కకి, గన్నవరం దగ్గర వసిష్ఠలోంచి మా వైనతేయ. మా ఇల్లు ఎక్కడ అంటే వాడు ఓ చింతపిక్క గుచ్చాడు. ఒత్తులున్న ఊళ్ళ పేర్లు వాడే వెతుక్కుని రాశాడు, పాలకొల్లు ముందు రాశాడు. తప్పు పోతే అరచేత్తో చెరిపేస్తే సరి, ఒండ్రులో దెబ్బ కనపడదు.

బడి తెరిచిన రోజు టీచరుగారు వాణ్ణి పాఠం చదవమంటే నిలబడి నాలుగు లైన్లు చదివాడట. ఆవిడే ఫోను చేసి చెప్పారు. ఇంకా చాలా వెనకే ఉన్నాడు, క్ష దగ్గర, రెండు ఒత్తులు వచ్చిన చోట ఆగిపోతాడు. కానీ కడుపు నొప్పి లేదండి. పోయిన శుక్రవారం వాళ్ళ నాన్న ఫోను చేస్తే, "నాన్నా, నీ పేరులో ఎవరూ పడవెక్కలేదు, అమ్మ పేరులో ఒకరు ఎక్కారు" అని చెప్పాడు. ఆయనకి అర్థం కాక నన్నడిగారు. నేను చెబుతుంటే అవతల చాలాసేపు మాట లేదు.

మాస్టారుగారూ, మీకు ఏమిచ్చి రుణం తీర్చుకోను. మీ పంచె అంచు ముసుగు వేసుకుని వానలో ఆ కర్ర గాట్లు లెక్కపెట్టడం నేను చచ్చేదాకా మర్చిపోను. అత్తయ్యగారూ, మీ గోడంతా బొగ్గుతో పాడుచేశారు పిల్లలు, సున్నం నేనే వేయిస్తానంటే వద్దన్నారు, నీళ్ళ లెక్క అలాగే ఉండనీ అన్నారు, మీ మనసుకి దండం. క్యాలెండరు కత్తిరించిన అమ్మాయీ, ఆ చీట్లు ఇప్పటికీ మా ఇంట్లో బిస్కెట్ డబ్బాలో భద్రంగా ఉన్నాయమ్మా. టీచరుగారూ, కరెంటు లేని రోజుల్లో కూడా మా అందరి క్షేమం కనుక్కున్నారు.

ఆదివారం సాయంత్రాలు నాలుగింటికి మా అరుగు మీద పిల్లల్ని కూర్చోబెడుతున్నాను. డబ్బులేమీ వద్దు. చింతపిక్కలు, ఈనెల కట్టలు ఉన్నాయి. అవతలి లంక పిల్లలు వస్తానంటే బాబాయి దాటిస్తానన్నాడు.

బాబాయ్, నీకు చివర్న చెబుతున్నానని ఏమీ అనుకోకు. వరదలో నీ పడవ కొబ్బరి చెట్టుకి రాసుకుని 'తల్లి'లో ఒత్తు రంగు పోయింది, చూసుకున్నావో లేదో. మావాడు చూశాడు. తనే వేస్తానంటున్నాడు. ఎర్ర రంగు డబ్బా కొన్నాను, ఆదివారం పొద్దున రేవులో ఉండు.