జడ చివరి వెంట్రుక వయసు అయిదేళ్లు

సంపాదకులకు నమస్కారం.

పత్రికల మహిళా పేజీల్లో వారం వారం ఏదో ఒక నూనె, ఏదో ఒక రసం గురించి వస్తూనే ఉంటుంది. ఉల్లిరసం, మెంతుల ముద్ద, గుంటగలగరాకు తైలం, కరివేపాకు నూనె... అన్నింటికీ ఒకటే హామీ, నెల తిరిగేసరికి ఒత్తయిన పొడవాటి జడ అని. అది నమ్మి ఆడపిల్లలు నెలకో సీసా మారుస్తున్నారు. జుట్టు పెరిగే లెక్క తెలిస్తే ఆ డబ్బూ మిగులుతుంది, జుట్టూ మిగులుతుంది.

తల వెంట్రుక నెలకు ఒక సెంటీమీటరు, ఆపైన కాస్త పెరుగుతుంది. ఏడాదికి 12 నుంచి 15 సెంటీమీటర్లు. మాడుకు ఏ తైలం పట్టించినా ఈ వేగం మారదు. నడుము దాటే జడ 75 సెంటీమీటర్ల పైమాట. అంటే దాని చివరనున్న వెంట్రుక అయిదారేళ్ల కిందట కుదురులోంచి బయటికొచ్చింది. అన్నేళ్ల ఎండ, దుమ్ము, దువ్వెన రాపిడి అంతా అదే భరించింది. ఒక్కో వెంట్రుక 2 నుంచి 6 ఏళ్లు పెరిగి, సుమారు 3 నెలలు ఆగి, రాలిపోతుంది. ఎన్నేళ్లు పెరుగుతుందన్నది చాలావరకు పుట్టుకతో వచ్చేది. మూడేళ్లే పెరిగే జుట్టుకు మోకాళ్ల దాకా జడ ఏ నూనెతోనూ రాదు, ఆ సంగతి ముందే చెప్పాలి. అయితే ‘నా జుట్టు పెరగడం లేదు’ అనేవాళ్లలో చాలామందికి జుట్టు పెరుగుతూనే ఉంటుంది. పైన వచ్చినంతా కింద తెగిపోతుంటుంది.

దీన్ని ఇంట్లోనే తేల్చుకోవచ్చు. దువ్వెనలో చిక్కిన వెంట్రుకలను తెల్ల కాగితం మీద పరిచి చూడండి. ఒక కొసన చిన్న తెల్లటి బుడిపె ఉంటే అది కాలం తీరి కుదురు నుంచి రాలింది. రోజుకు 50 నుంచి 100 వరకు ఇలా రాలడం మామూలే. తలంటుకున్న రోజు అంతకుముందు వదులైనవన్నీ ఒక్కసారే వస్తాయి కాబట్టి ఇంకా ఎక్కువ కనిపిస్తాయి, దానికి కంగారు పడనక్కర్లేదు. బుడిపె లేని బెత్తెడు, జానెడు ముక్కలే ఎక్కువగా ఉంటే మాత్రం అవి తెగినవి. అప్పుడు మార్చాల్సింది నూనె కాదు, దువ్వే పద్ధతి.

పొద్దున్నే బడి హడావుడిలో మాడు దగ్గర దువ్వెన పెట్టి కిందికి ఒక్క లాగు లాగుతారు. దాంతో చిన్న చిన్న చిక్కులన్నీ జారి ఒకేచోట గట్టి ముడి పడతాయి. దాన్ని లాగితే తెగక ఏం చేస్తుంది? చిక్కు ఎప్పుడూ కింది నుంచి తీయాలి. ముడికి పైన జుట్టును పిడికిట్లో బిగించి పట్టుకుంటే లాగుడు కుదురు దాకా పోదు. వెడల్పు పళ్ల దువ్వెనతో చివరి నాలుగంగుళాలు దువ్వి, అది విడిపోయాక ఇంకో నాలుగంగుళాలు పైకి పోవాలి. నడుము దాకా ఉన్న జుట్టుకు పది నిమిషాలు పడుతుంది, అంత ఓపిక ఉండాలి. తడి వెంట్రుక నీరు పీల్చి ఉబ్బుతుంది, లాగితే సాగి పుటుక్కుమంటుంది. తడి తలలో సన్నపళ్ల దువ్వెన అస్సలు పెట్టకూడదు. తువ్వాలుతో టపటపా కొట్టి నీళ్లు దులపడం మన ఇళ్లలో పాత అలవాటు, చివర్లు చిట్లడానికి అదొక ముఖ్య కారణం. పాత నూలుచీర ముక్కలో జుట్టు చుట్టి నీళ్లు ఇంకనిస్తే చాలు.

కొబ్బరినూనెకు నిజమైన ఉపయోగం ఇక్కడే ఉంది. అది వెంట్రుక లోపలికి ఇంకి, తడిసినప్పుడు ఉబ్బడాన్ని తగ్గిస్తుంది. కాబట్టి నూనె కావాల్సింది మాడు కంటే జడ పొడవుకు. తలంటుకు గంట ముందో, ముందు రాత్రో రెండు మూడు చెంచాలు చాలు. చుండ్రు ఉన్న మాడుకు నూనె పట్టిస్తే, చుండ్రుకు కారణమైన సూక్ష్మజీవికి ఆ కొవ్వే ఆహారమై దురద ఇంకా పెరుగుతుంది.

కుంకుడుకాయలతో తలంటుకునేవాళ్లు నడుము జుట్టుకు పది పన్నెండు కాయలు కొట్టి, గింజలు తీసి, రెండు గ్లాసుల వేడినీళ్లలో నానబెట్టి, పిసికి పలచని గుడ్డలో తప్పకుండా వడకట్టాలి. వడకట్టకపోతే పిప్పి జుట్టులో ఇరుక్కుని, దాన్ని తీసేటప్పుడు మళ్లీ వెంట్రుకలు తెగుతాయి. ఉత్త కుంకుడు రసం జుట్టును పొడిబారుస్తుంది. గుప్పెడు మందారాకు నలిపి ఆ జిగురు కలిపితే చిక్కు పడదు. షాంపూ అయినా సరే, మాడు వరకు రుద్దితే చాలు, కిందికి జారే నురగతోనే చివర్లు శుభ్రపడతాయి.

చిట్లిన చివరను ఏ మందూ అతికించలేదు. వదిలేస్తే చీలిక పైకి పాకుతుంది. మూడు నాలుగు నెలలకోసారి అరంగుళం కత్తిరిస్తే సరిపోతుంది. కత్తిరిస్తే వేగంగా పెరుగుతుందనేది అపోహ.

టైఫాయిడ్, డెంగీ, కాన్పు తర్వాత రెండు మూడు నెలలకు గుప్పెళ్లు గుప్పెళ్లుగా రాలుతుంది. కుదుళ్లు చావవు కాబట్టి చాలామందికి ఆరు నెలల్లో అదే తగ్గుతుంది. సరిగ్గా ఆ సమయానికి వాడుతున్న నూనెకు పేరొస్తుంది! ఆరు నెలలు దాటినా ఆగకపోతే నూనెల దుకాణానికి కాదు, రక్తపరీక్షకు వెళ్లాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల స్త్రీలలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. ఒంట్లో ఇనుము తక్కువైతే జుట్టు రాలడం ఎక్కువవుతుంది. ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ ఎంతుందో చెప్పే పరీక్ష), థైరాయిడ్ చూపించుకోకుండా ఎన్ని సీసాలు కొన్నా వృథా.

ఇక అసలు విన్నపం హాస్టళ్ల గురించి. చాలాచోట్ల ఉప్పు బోరునీళ్లే దిక్కు. ఆ నీళ్లలో ఒంటి సబ్బుతో తల రుద్దుకుంటే నీటిలోని సున్నం సబ్బుతో కలిసి తెల్లటి జిడ్డులా వెంట్రుకలకు పట్టుకుంటుంది. జుట్టు అట్టకట్టి, దువ్వితే తెగుతుంది. కుంకుడు, షాంపూ అలా జిడ్డు కట్టవు. పిల్లలకు సబ్బుతో పాటు షాంపూ ప్యాకెట్లు, వెడల్పు పళ్ల దువ్వెన ఇవ్వాలి. రెండు జడలు బిగించి, రిబ్బనుతో పైకి మడిచి కట్టాలన్న నిబంధన సడలించాలి. రోజూ అదే లాగుడుతో నుదుటి పక్కన, చెవుల పైన పలచబడిన చోట ఏళ్లు గడిస్తే జుట్టు తిరిగి రాదు. తడి తల అల్లి బడికి పంపడం కూడా మానాలి.

పేలు పడ్డాయని పిల్లల జుట్టు బలవంతంగా కత్తిరించడం అన్యాయం. 1 శాతం పర్మెత్రిన్ మందును తలంటి తుడుచుకున్న జుట్టుకు పట్టించి, 10 నిమిషాలకు కడిగి, పేల దువ్వెనతో దువ్వితే పేలు పోతాయి. ఈపులు చావవు కాబట్టి తొమ్మిదో రోజున మళ్లీ పెట్టాలి. గదిలో పేలున్న పిల్లలందరికీ ఒకే రోజు పెట్టకపోతే వారంలో మళ్లీ ఎక్కుతాయి. నూనెల చిట్కాల బదులు చిక్కు తీసే పద్ధతి, పేల మందు వాడే పద్ధతి బొమ్మలతో మహిళా పేజీలో వేయండి. కత్తిరించి హాస్టల్ నోటీసు బోర్డుకు అంటించుకుంటారు.

– ఒక బ్యుటీషియన్, ఖమ్మం