పాలలో నిమ్మకాయ పిండేయమంటే ఎలాగండీ?

సంపాదకులకు నమస్కారం.

ఆదివారం వంటల పేజీలో వేసిన ఫ్రూట్ సలాడ్ ఫొటో చూస్తేనే నోరూరింది, మరీ ముఖ్యంగా ముక్కల మీద చిక్కగా జారుతున్న ఆ నిమ్మ-నారింజ డ్రెస్సింగ్. తీరా కింద రాసిన పద్ధతి చదివితే, కప్పు పాలలో ఒక నిమ్మకాయ రసం, తగినంత పంచదార కలిపి పండ్ల మీద పోసేయమన్నారు. అలా చేస్తే ఫొటోలో ఉన్నది రాదండీ, విరిగిన పాలు వస్తాయి. పాలలో నిమ్మకాయ పిండితే ఏమవుతుందో వంటింట్లోకి అడుగుపెట్టిన ఎవరికైనా తెలుసు, మరి ఆ పేజీ అచ్చుకి వెళ్లేముందు ఒక్కరికీ అనుమానం రాలేదా?

పాల పీహెచ్ (పులుపుని కొలిచే అంకె, ఇది తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 6.6 చుట్టుపక్కల ఉంటుంది. అది 4.6 దాకా దిగితే పాలలోని కేసిన్ అనే ప్రొటీన్ ముద్దలు కట్టి నీళ్ల నుంచి విడిపోతుంది. నిమ్మరసం పీహెచ్ 2 నుంచి 2.6 దాకా ఉంటుంది కాబట్టి కప్పు పాలను విరగ్గొట్టడానికి ఒక కాయ చాలు. పెరుగు సంగతి వేరు, తోడుకునేటప్పుడే అది నెమ్మదిగా ఆ పులుపుకి వచ్చేసింది గనక మీరు ఇంకాస్త నిమ్మరసం వేసినా కొత్తగా విరిగేదేమీ ఉండదు. చిక్కటి క్రీమ్ కూడా బాగానే తట్టుకుంటుంది, అందులో కొవ్వు ఎక్కువ, కేసిన్ తక్కువ. కండెన్స్‌డ్ మిల్క్‌లో నిమ్మరసం వేస్తే విరగదు సరికదా ఇంకా గట్టిపడుతుంది, కాకపోతే పండ్ల తీపి మీద ఆ తీపి కూడా పడితే నాకు మాత్రం మొహం మొత్తుతుంది.

నా ఓటు పెరుగుకే. రెండు కప్పుల గట్టి పెరుగు పలచటి గుడ్డలో మూటకట్టి, కింద గిన్నె పెట్టి ఫ్రిజ్‌లో మూడు నాలుగు గంటలు ఉంచితే నీరంతా దిగిపోయి సుమారు కప్పు ముద్ద మిగులుతుంది. ఈలోపు అసలు పని నారింజ తొక్కతో. అందరూ రసం మీదే పడతారు గానీ వాసన ఉండేది తొక్క పైపొరలో, ఆ రంగు భాగంలోని చిన్న చిన్న నూనె తిత్తుల్లో. సన్నటి తురుముపీట మీద కాయను తిప్పుతూ రంగు పోయినంత మేరకే తురమాలి, దాని కింది తెల్లపొర చేదు, అక్కడికి వెళ్లకూడదు. ఆ తురుముని రెండు చెంచాల పంచదారలో వేసి వేళ్లతో బాగా నలపండి. కాసేపటికి పంచదార తడితడిగా అయి, లేత పసుపు రంగుకి తిరిగి, గదంతా నారింజ వాసన వస్తుంది. ఈ ఒక్క పని చేస్తే రసం ఎంత తక్కువ పోసినా రుచికి లోటుండదు.

రసం తక్కువ పోయడం ఎందుకంటే, డ్రెస్సింగ్ పలచబడిపోయేది దానివల్లే. అరకప్పు నారింజ రసాన్ని చిన్న మంట మీద రెండు మూడు చెంచాలు మిగిలేదాకా మరిగించి, పూర్తిగా చల్లారాక (వేడిగా మాత్రం వద్దు) వడకట్టిన పెరుగులో కలపండి, నలిపిన పంచదార, చెంచాడు నిమ్మరసం, చిటికెడు ఉప్పు వేసి చిలకండి. ఉప్పేమిటి అనకండి, అది పడకపోతే తీపి చప్పగా ఉంటుంది. పంచదార బదులు తేనె వాడొచ్చు, అయితే ఏడాది నిండని పిల్లలకు తేనె పెట్టకూడదు.

పండ్ల గురించి కూడా మీ పేజీలో ఒక్క ముక్క లేదు. ఉడికించని తాజా పైనాపిల్, కివీ, బొప్పాయి ముక్కల్లో ప్రొటీన్‌ని తినేసే ఎంజైములు ఉంటాయి, అవి పెరుగులో పడ్డాక వెంటనే ఏమీ తెలియదు గానీ కాసేపు ఆగితే చేదెక్కి, నీళ్లు కూడా వదులుతుంది. డబ్బాలో వచ్చే పైనాపిల్‌తో ఆ బెడద లేదు, వేడి చేసి నింపుతారు కాబట్టి ఎంజైమ్ పోతుంది. తాజా పండే కావాలంటే ముక్కల్ని కొన్ని నిమిషాలు ఉడికించి చల్లార్చండి, లేదా వడ్డించేటప్పుడు పైన వేయండి. యాపిల్, అరటి నల్లబడతాయని టెన్షన్ పడేవాళ్లు, కోసిన వెంటనే ఆ ముక్కలకు కాస్త నిమ్మరసం పట్టిస్తే చాలు.

పండ్లను కడిగాక తుడిచి ఆరబెట్టాలన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ సగం సలాడ్‌లు పాడయ్యేది అక్కడే. ఎంత చిక్కటి డ్రెస్సింగ్ చేసినా తడి ద్రాక్ష మీద అది నిలవదు, జారి గిన్నె అడుగుకి పోతుంది. పైగా పంచదార తగిలిన ముక్క తనలోని నీటిని బయటికి వదులుతుంది, అందుకే డ్రెస్సింగ్ ముందే కలిపి పెట్టకుండా విడిగా ఫ్రిజ్‌లో ఉంచి తినబోయే ముందు కలుపుకోవాలి. 'రాత్రే కలిపి ఉంచితే రుచి బాగా పడుతుంది' అన్న మీ చిట్కా ప్రకారం చేస్తే పొద్దున చెంచా కాదు, గ్లాసు కావాలి.

నా మనవి ఒకటే. ఈ సవరణ ఏ మూలనో చిన్న అక్షరాల్లో కాకుండా వచ్చే వారం వంటల పేజీలోనే వేయండి. ఇక మీదట 'తగినంత' అనే మాట కాస్త తగ్గించి, ఏది ఎన్ని చెంచాలో, ఏది ముందో ఏది వెనకో రాయించండి. పాలు, పెరుగు కలిసిన వంటకమైతే బయట రెండు గంటలకు మించి ఉంచకూడదన్న సంగతి కూడా పద్ధతి పక్కనే అచ్చువేయండి, ఎండాకాలమైతే గంటే.

ఇట్లు,
మీ పేజీ కత్తిరించి దాచుకునే ఒక పాఠకురాలు