ఊపిరి లెక్కపెడుతున్నామని రోగికి చెప్పొద్దు

సంపాదకులకు,

నర్సింగ్ విద్యార్థుల చార్టుల్లో శ్వాస సంఖ్య తరచూ 18, లేదంటే 20. లెక్కపెట్టకుండా వేసే అంకెలివి. రోగి పరిస్థితి విషమిస్తోందని ముందే చెప్పే గుర్తుల్లో శ్వాసవేగం ఒకటి! "ఊపిరి లెక్కపెడతాను" అన్నామంటే దాని తీరే మారిపోతుంది. అందుకే నాడి చూశాక మణికట్టు వదలకుండానే ఛాతీ కదలికను గమనించాలి. లయ సక్రమంగా ఉంటే 30 సెకన్లు చూసి రెట్టింపు చేయొచ్చు, తేడాగా ఉంటే పూర్తి నిమిషం. 15 సెకన్లు చూసి నాలుగుతో హెచ్చిస్తే ఒక్క శ్వాస పొరపాటు నాలుగవుతుంది.

ప్రశ్నల్లోనూ ఇదే తొందర. "నొప్పి గుండెల్లోనేనా?" అంటే రోగి మొహమాటానికి అవుననేస్తాడు. "ఎక్కడో చేత్తో చూపించండి" అనాలి. అరచెయ్యి పరిచాడా, ఒక్క వేలితో చూపాడా అన్నది కూడా రాసుకోవాలి.

– నర్సింగ్ బోధకులు