రామాయపట్నం ప్లాటు గురించి

కావలి

అమ్మా సుజాతా,

ఆశీస్సులు. ఉలవపాడు మామిడిపళ్లు బస్సు పార్సిల్‌లో వేశాను. పైవరుసవి ముందు తినండి, అడుగున ఉన్నవి ఇంకా పండాలి. చంటివాడి దగ్గు తగ్గిందా? రాత్రిళ్లు ఏసీ వేయవద్దని మీ అమ్మ మరీ మరీ చెప్పమంది.

ఈ మధ్య ఫోను చేస్తే "బాగున్నాం నాన్నా, పనిలో ఉన్నా" అని పెట్టేస్తున్నావు. రామ్మూర్తి మాత్రం గుడి దగ్గర ఆపి, మీరు రామాయపట్నం పోర్టు వైపు ఏదో వెంచర్లో ప్లాటుకు టోకెన్ ఇచ్చారని చెప్పాడు. వాడి మాటల్లో సగం గాలే, నేను నమ్మలేదు. నమ్మలేదు గానీ, సాయంత్రం తెట్టు దాకా వెళ్లి చూసి వచ్చాను. గ్రావెల్ రోడ్డు, సిమెంటు ఆర్చి, సున్నం కొట్టిన హద్దురాళ్లు, గొడుగు కింద ఒక కుర్రాడు. రేటు అడిగితే "ఈరోజుకు ఇంత సార్, సోమవారం మారుతుంది" అన్నాడు. ఎందుకు మారుతుందో అతనికీ తెలియదు.

సరే, అది వదిలేద్దాం. మీ శేషయ్య మామయ్య వచ్చి వెళ్లాడు. మనిషి చిక్కిపోయాడు. ఆయన దొనకొండలో భూమి కొన్న సంగతి నీకు పూర్తిగా తెలియదు, అప్పుడు నువ్వు హాస్టల్లో ఉన్నావు. 2014లో రాష్ట్రం విడిపోయాక, ప్రభుత్వ భూమి ఉంది, బ్రిటిష్ కాలంనాటి విమానాశ్రయం ఉంది, రాజధాని అక్కడేనని ఊరూరా అన్నారు. అక్కడ భూమి కొన్నవాళ్లలో చాలామంది భూమి కొనలేదమ్మా, అగ్రిమెంటు కొన్నారు. కొంత అడ్వాన్సు ఇచ్చి మూడు నెలల గడువు రాయించుకోవడం, ఆ గడువులోపే ఇంకొకరికి ఎక్కువకు తిప్పేయడం. మామయ్య చేతికి వచ్చేసరికి ఆ కాగితం నలుగురి చేతులు మారింది. ఆ సెప్టెంబరు 4న రాజధాని విజయవాడ పరిసరాల్లోనని అసెంబ్లీలో ప్రకటించారు. అడ్వాన్సు వదులుకొమ్మని అందరం మొత్తుకున్నా వినకుండా, పట్టుదలకు పోయి మిగతా సొమ్ము కట్టి రిజిస్ట్రేషన్ చేయించుకున్నాడు. పద్మ పెళ్లికి అమ్మబోతే ఏ బ్రోకరూ రేటు పడిపోయిందని అనలేదు. "ఉంచుకోండి, పెరుగుతుంది" అన్నారు. రేటు అలాగే ఉంది, కొనేవాడే లేడు. చివరికి పెళ్లి అత్తయ్య గొలుసు మీద జరిగింది. ఇప్పుడు ఆ చేలో హద్దురాళ్లు కనపడకుండా చిల్లచెట్లు మొలిచాయి.

ఇన్నేళ్లు దస్తావేజులు రాసినవాడిగా చెబుతున్నాను. పార్టీలు చెప్పిన విలువే కాగితంలో రాస్తాం, అది చాలాసార్లు ప్రభుత్వ విలువకు దరిదాపుల్లోనే ఉంటుంది. అసలు ఎంత చేతులు మారిందో ఆ ఇద్దరికే తెలుసు. అందుకే పక్క ప్లాటు ఎంతకు పోయిందని అడిగితే బ్రోకరు చెప్పిందే లెక్క. పోర్టుకు 2022లో శంకుస్థాపన అయింది, రిఫైనరీ కూడా వస్తుందంటున్నారు, రానీ. ఆ ఆశంతా ఇప్పటికే రేటులో కలిపి అమ్ముతున్నారు కదా, మీకు మిగిలేది ఏమిటి? ఇల్లయితే అద్దె వస్తుంది. అప్పు చేసి కొన్న ఖాళీ స్థలానికి వడ్డీ మీరే కట్టాలి. నూటికి నెలకు రూపాయి వడ్డీకి చక్రవడ్డీ వేస్తే ఆరేళ్లకు అప్పు రెట్టింపు. స్టాంపులు, రిజిస్ట్రేషన్ కలిపి ఏడున్నర శాతం దానికి అదనం. లెక్చర్ ఇవ్వకూడదనే మొదలుపెట్టాను, నువ్వు నవ్వుకుంటూ ఉంటావు.

ఒకవేళ, ఒకవేళే అంటున్నాను, ఇచ్చి ఉంటే: వెంచర్లను అదుపు చేసే ప్రభుత్వ సంస్థ ఏపీ రెరా ఇచ్చిన నంబరు అడుగు. రిజిస్టరు చేసిన అగ్రిమెంటు లేకుండా ధరలో పది శాతం మించి తీసుకోకూడదని రెరా చట్టంలోనే ఉంది. సర్వే నంబరు నాకు వాట్సాప్‌లో పంపు. ఆ భూమి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు చూపే ఈసీ, పాత యజమానుల లింకు డాక్యుమెంట్లు, రిజిస్ట్రేషన్ నిషేధించిన భూముల 22ఏ జాబితా నేనే చూస్తాను. మన వైపు చుక్కల భూముల గొడవ, అంటే పాత రికార్డులో యజమాని పేరుకు బదులు చుక్కలు పెట్టిన భూముల గొడవ, ఉండనే ఉంది. జీపీఏ మీద, అంటే యజమాని వేరొకరికి రాసిచ్చిన అధికారపత్రం మీద అమ్ముతామంటే మాట్లాడకుండా లేచి వచ్చేయండి. అల్లుడుగారు గజాల్లో లెక్క వేస్తారేమో, ఇక్కడ బేరమంతా అంకణాల్లో. ఎనిమిది గజాలు ఒక అంకణం, ఆ తేడా ముందే చూసుకోమను.

డబ్బు ఇబ్బందిగా ఉంటే మీ అమ్మ పేర ఉన్న డిపాజిట్ ఈ నెలలో గడువు తీరుతుంది. దాని గురించి ఎవరికీ చెప్పనక్కర్లేదు. కానీ టోకెన్ వెనక్కి రాదేమోనన్న భయంతో మాత్రం మిగతా డబ్బు కట్టవద్దు.

ఆదివారం పొద్దున్నే ఫోను చెయ్యి, పదింటి తర్వాత రామ్మూర్తి వచ్చి కూర్చుంటాడు. ఈ ఉత్తరం అల్లుడుగారికి చూపించకు. చూపించినా సరే, మామయ్య సంగతి మాత్రం చదవనివ్వకు.

మీ నాన్న