ఉద్యోగ మేళాల్లో ఆటిజం యువతకు చోటేది?

సంపాదకులకు నమస్కారం.

విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో జరుగుతున్న ఉద్యోగ మేళాలు డిప్లొమా, ఇంజినీరింగ్ చదివిన పిల్లలకు మేలు చేస్తున్న మాట నిజమే. అయితే ఆటిజం ఉన్న యువత అక్కడ మొదటి మెట్టులోనే వెనుదిరగాల్సి వస్తోందని, దానికి కారణం వారి పనితనం కాక ఎంపిక జరిగే తీరేనని, పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ బోధించి రిటైరైన వ్యక్తిగా మనవి చేస్తున్నాను.

నా దగ్గర చదివిన ఒక అబ్బాయి ఎవరు పలకరించినా ముఖం చూసి బదులిచ్చేవాడు కాదు. పనిచేయని సర్క్యూట్ బోర్డు చేతికిస్తే మాత్రం సప్లై వచ్చే చోటు నుంచి వరసగా ప్రతి పాయింటు దగ్గరా మల్టీమీటర్ పెట్టి, రీడింగులన్నీ నోటు పుస్తకంలో రాసుకుంటూ వెళ్లి, సరిగా అతకని సోల్డరింగ్ దగ్గర ఆగేవాడు. మిగతావాళ్లు ఈలోగా ఊహ మీద ఐసీలు (చిప్‌లు) మార్చేస్తూ ఉండేవారు. ఆ కుర్రవాడే మేళాకు వెళ్లి, మైకుల హోరులో, తోపులాటలో గంటల తరబడి నిలబడి, తీరా ‘నీ గురించి చెప్పు’ అనగానే నోరు పెగలక తిరిగొచ్చాడు. బోర్డు రిపేరు వచ్చా అని అక్కడ ఎవరూ అడగనే లేదు.

ఆటిజం ఉన్నవారందరూ కంప్యూటర్ మేధావులని నేననడం లేదు. ఆ ప్రచారమూ వారికి చేటే. కొందరికి జీవితాంతం తోడు అవసరం. కానీ సాఫ్ట్‌వేర్ టెస్టింగ్, డేటా తనిఖీ, సర్క్యూట్ బోర్డుల పరీక్ష వంటి పనుల్లో రాణించగలవారూ వారిలో ఉన్నారు. డెన్మార్క్‌లో 2004లో మొదలైన స్పెషలిస్టర్న్ సంస్థ ఆటిజం ఉన్న అభ్యర్థుల చేత లెగో రోబోలు చేయించి, వారి పని చూసి నైపుణ్యం అంచనా వేసింది. జర్మనీ సాఫ్ట్‌వేర్ సంస్థ ఎస్‌ఏపీ ఆటిజం ఉన్నవారిని ముందుగా మన బెంగళూరులోనే సాఫ్ట్‌వేర్ టెస్టర్లుగా నియమించి చూసి, 2013లో ఆ కార్యక్రమాన్ని ఇతర దేశాలకు విస్తరించింది.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రభుత్వ ఉద్యోగాల్లో దివ్యాంగులకు 4 శాతం రిజర్వేషన్ ఇచ్చింది. అందులో ఆటిజం వాటా, మేధో వైకల్యం, అభ్యసన వైకల్యం, మానసిక అనారోగ్యం, బహుళ వైకల్యాలతో కలిపి 1 శాతమే కనుక, సాంకేతిక విద్య చదివినవారికి ప్రైవేటు కొలువులే ప్రధాన ఆధారం. అదే చట్టంలోని 21వ సెక్షన్ ప్రతి సంస్థా సమాన అవకాశాల విధానాన్ని ప్రకటించాలంటోంది. 20 మంది లేదా అంతకు మించి ఉద్యోగులున్న ప్రైవేటు సంస్థలు దివ్యాంగులకు తగిన పోస్టులేవో, వారిని ఎంపిక చేసే పద్ధతి ఏమిటో కూడా అందులో చెప్పాలని 2017 నాటి నిబంధనలు నిర్దేశిస్తున్నాయి.

కాబట్టి మేళాకు వచ్చే కంపెనీల నుంచి ఆ విధాన పత్రం ప్రతిని ముందుగానే తీసుకోవాలని రెండు జిల్లాల అధికారులను కోరుతున్నాను. సదరం ధ్రువపత్రం (ప్రభుత్వ వైద్యులు ఇచ్చే వైకల్య నిర్ధారణ పత్రం) ఉన్న ఆటిజం అభ్యర్థులను సందడి లేని గదిలో కూర్చోబెట్టి, ప్రశ్నలు కాగితం మీద ఇచ్చి, ఇంటర్వ్యూకు బదులు ఒక గంట పని చేయించి చూడవచ్చు. మార్కులు బాగానే వస్తున్నాయి కదా, ఈ ముద్ర ఎందుకని సదరం శిబిరానికి పోని కుటుంబాలూ ఉన్నాయి గనుక, ధ్రువపత్రం లేనివారి విషయంలో కళాశాల ప్రిన్సిపాల్ ఇచ్చే లేఖను అంగీకరించడం మంచిది. వచ్చే మేళా ప్రకటనలోనే ఈ ఏర్పాట్లను చేర్చితే తల్లిదండ్రులు పిల్లల్ని ముందుగా సిద్ధం చేసుకోగలుగుతారు.

ఇట్లు,
విశ్రాంత పాలిటెక్నిక్ అధ్యాపకుడు,
విజయనగరం.