సోడియంకి ఎలక్ట్రాన్ ఇచ్చేయడం ఇష్టమని పిల్లలకి చెప్పొద్దు

ఎడిటర్ గారికి నమస్కారం.

మీ పేపర్లో టెన్త్ పిల్లల కోసం వేసే పేజీని ఏళ్ల తరబడి కత్తిరించి దాచుకుంటున్నానండీ. ఫిజికల్ సైన్స్ చెప్పి రిటైరయ్యాక కూడా సాయంత్రం పూట మా వీధి పిల్లలు నలుగురైదుగురు వచ్చి అరుగు మీద కూర్చుంటారు, వాళ్లకి ఆ కటింగులే ఇస్తుంటా. మొన్న రసాయన బంధం మీద వేసిన బిట్లు చూశాక మాత్రం ఈ ఉత్తరం రాయకుండా ఉండలేకపోయా. సోడియం స్థిరత్వం కోసం ఒక ఎలక్ట్రాన్‌ని సులభంగా ఇచ్చేస్తుంది, క్లోరిన్ తీసేసుకుంటుంది, రెండిటికీ బయటి కక్ష్యలో ఎనిమిది ఎలక్ట్రాన్లు పూర్తవుతాయి, అని ఉంది అందులో. మీ ఒక్క పేపరే కాదు, గైడ్లలో, నోట్సుల్లో, యూట్యూబ్ పాఠాల్లో ఎక్కడ చూసినా ఇదే మాట.

ఆ కటింగు చదువుతూ ఒకమ్మాయి తలెత్తి అడిగింది. "మాస్టారూ, ముందు పాఠంలో అయనీకరణ శక్తి అంటే పరమాణువులోంచి ఎలక్ట్రాన్‌ని లాగడానికి మనం ఇవ్వాల్సిన శక్తి అని ఉంది కదండీ, సోడియంకి కూడా అది ఇవ్వాలి కదా, మరి ఇక్కడేమో దానంతటదే ఇచ్చేస్తుంది అంటున్నారేంటి?" స్కూల్లో అడిగితే అది పరీక్షకి రాదు కూర్చో అన్నారట. నాకు చాలా బాధేసిందండీ, ఎందుకంటే రెండు పాఠాల్నీ పక్కపక్కన పెట్టి చదివిన పిల్లకే ఆ ప్రశ్న వస్తుంది.

ఆ రోజు పలక మీద జమాఖర్చు రాసి చూపించా. 58.5 గ్రాముల ఉప్పు, అంటే ఓ చిన్న గుప్పెడు, తయారవ్వాలంటే ముందు ఖర్చులే ఉంటాయి. గట్టిగా ఉన్న సోడియం లోహాన్ని విడివిడి పరమాణువులు చెయ్యడానికి 108 కిలోజౌల్స్, క్లోరిన్ జంటల్ని విడదీయడానికి 121, సోడియం నుంచి ఎలక్ట్రాన్‌ని పీకడానికి 496. క్లోరిన్ ఆ ఎలక్ట్రాన్‌ని తీసుకున్నప్పుడు తిరిగొచ్చేది, అంటే ఎలక్ట్రాన్ ఎఫినిటీ, 349 మాత్రమే. అంటే ఇచ్చిపుచ్చుకోవడాలు అన్నీ అయ్యాక కూడా ఇంకా 376 అప్పులోనే ఉన్నాం! మరి ఉప్పు ఎలా తయారైంది అంటే, ఎలక్ట్రాన్ పోయిన సోడియం ప్లస్ అయాన్లూ, ఎలక్ట్రాన్ వచ్చిన క్లోరైడ్ మైనస్ అయాన్లూ ఒకదాన్నొకటి లాక్కుని వరసల్లో సర్దుకున్నప్పుడు 787 కిలోజౌల్స్ బయటికొస్తాయి, దాన్నే లాటిస్ ఎనర్జీ అంటాం, ఆ జమతో అప్పు తీరిపోయి 411 మిగులుతుంది. పద్దు మొత్తాన్ని గట్టెక్కించేది ఆ ఆకర్షణేనండీ, ఎనిమిది మీద మోజు కాదు. ఆ అమ్మాయి కూడికలు తనే మళ్లీ ఒకసారి వేసుకుని "ఓ, అదా" అంది.

బయటి కక్ష్యలో ఎనిమిది నిండాలనే అష్టక నియమం వద్దని నేననను. 1916లో లూయీస్, కోసెల్ ఇద్దరూ ఈ ఎనిమిది సంగతి చెప్పారు, ఎలక్ట్రాన్లని చుక్కలుగా చూపే బొమ్మలు వెయ్యడానికి అది చాలా పనికొస్తుంది కూడా. కానీ అది గుర్తుపెట్టుకునే పద్ధతే గాని కారణం కాదు. బోరాన్ ట్రైఫ్లోరైడ్‌లో బోరాన్ చుట్టూ ఆరే ఉంటాయి, ఫాస్ఫరస్ పెంటాక్లోరైడ్ బొమ్మ వేస్తే ఫాస్ఫరస్ చుట్టూ పది వస్తాయి. ఎనిమిది నిండాయి కాబట్టి ఇక దేనితోనూ కలవదు అనుకున్న వాయువు జెనాన్‌తో కూడా 1962లో బార్ట్‌లెట్ సమ్మేళనం చేసి చూపించాడు.

ఇంకో మాట, పిల్లలు పరీక్షలో ఉప్పు అణువు అని రాస్తున్నారు, అది సరికాదు. ఓ రాళ్ల ఉప్పు గింజని భూతద్దం కింద పెట్టి చూపించండి, మూలలు అరిగినా పలకలు పలకలుగా కనిపిస్తుంది, బ్లేడు అంచు ఆనించి పైన చిన్నగా తడితే మళ్లీ పలకగానే విరుగుతుంది. లోపల ఒక్కో సోడియం అయాన్ చుట్టూ ఆరు క్లోరైడ్ అయాన్లు, ఒక్కో క్లోరైడ్ చుట్టూ ఆరు సోడియం, గింజ ఈ చివర్నుంచి ఆ చివరిదాకా అదే వరస. ఇందులో ఏ సోడియం ఏ క్లోరిన్‌ది అని చెప్తాం? వరస కాస్త పక్కకి జరిగితే ప్లస్ ఎదురుగా ప్లస్ వచ్చి తోసుకుంటాయి, అందుకే ఉప్పు రాగి తీగలా వంగకుండా పుటుక్కున విరుగుతుంది. మూకుట్లో వేసి వేడి చేస్తే పంచదార కరిగి పాకమవుతుంది గాని ఉప్పు కరగదు, గింజలో చిక్కుకున్న నీటి వల్ల చిటపటలాడుతుంది అంతే, కరగాలంటే 801 డిగ్రీలు కావాలి. పంచదారలో అణువుకీ అణువుకీ మధ్య ఉండే పట్టు తక్కువ, ఇక్కడ అయాన్ల పట్టు అంత గట్టిది.

పరమాణు నిర్మాణం కూడా వంటింట్లోనే దొరుకుతుంది. ఉప్పేసిన పప్పు పొంగి బర్నర్ మీద పడితే నీలం మంట పసుపు రంగుకి తిరుగుతుంది, ప్రతి పిల్లా చూసే ఉంటుంది. మంట వేడికి విడిపడిన సోడియం పరమాణువుల్లో బయటి కక్ష్యలో ఉన్న ఆ ఒక్క ఎలక్ట్రానే పై మెట్టుకి ఎక్కి మళ్లీ కిందికి దిగుతూ 589 నానోమీటర్ల వెలుగు ఇస్తుంది, మనం 496 ఖర్చు పెట్టి పీకామే, అదే ఎలక్ట్రాన్. ఈ పసుపుతో మా గుంటూరుకి కూడా చుట్టరికం ఉందండోయ్. 1868 ఆగస్టు 18 సంపూర్ణ సూర్యగ్రహణానికి ఫ్రాన్స్ నుంచి ఖగోళ శాస్త్రవేత్త జాన్సెన్ గుంటూరు వచ్చి సూర్యుడి అంచున లేచే మంటల్ని, వెలుగుని రంగుల గీతలుగా విడదీసి చూపే స్పెక్ట్రోస్కోప్‌లో చూశాడు. ఆ మంటల్లో పసుపు గీత ఒకటి సోడియం గీతలకి బాగా దగ్గర్లో, 587.6 నానోమీటర్ల దగ్గర ఉంది గాని వాటితో కలవలేదు. ఇంగ్లండులో లాకియర్ అనే శాస్త్రవేత్త దాని వెంటపడి ఇది కొత్త మూలకం అన్నాడు, అదే హీలియం, 1895లో రామ్సేకి భూమ్మీద కూడా దొరికింది. దానికున్నవి రెండే ఎలక్ట్రాన్లు, ఎనిమిది కాదు. గుంటూరు పిల్లలకే ఈ సంగతి తెలియకపోతే ఎలాగండీ.

కాబట్టి ఎడిటర్ గారూ, నేను అడిగేది పెద్దదేం కాదు. ఈసారి రసాయన బంధం బిట్లు వేసేటప్పుడు 'సులభంగా ఇచ్చేస్తుంది' అన్న మాట తీసేసి, ఓ మూల అయనీకరణ శక్తి, ఎలక్ట్రాన్ ఎఫినిటీ, లాటిస్ ఎనర్జీ అంకెలు చిన్న పట్టికగా వెయ్యండి. మా అరుగు మీద అమ్మాయి ఇప్పుడు మెగ్నీషియం ఆక్సైడ్ పద్దు వేస్తోంది. మొదటి ఎలక్ట్రాన్‌కి 738, రెండోదానికి 1451 అని చూసి, ఇంత ఖర్చు ఎక్కణ్ణుంచి పూడుతుంది మాస్టారూ అని నిన్నటినించీ అడుగుతోంది. ఆ జమ కాలమ్ తనే నింపుకునేలా మీ పట్టిక రావాలని చూస్తున్నా.

ఇట్లు,
ఒక రిటైర్డ్ సైన్స్ టీచర్,
గుంటూరు