కాలు ఆనని లోతు కావాలి

సంపాదకులకు నమస్కారం.

మా కొత్తపట్నంలో నా దగ్గర చదువుకున్న పల్లెపాలెం కుర్రాడొకడు ఇప్పుడు ఓడల్లో పనిచేస్తున్నాడు. 2022లో వాడి ఓడ ఇటలీలోని జెనోవా రేవులో ఆగితే, పక్కనే ఉన్న రెక్కో అనే ఊరికి వెళ్లి ఫోన్లో వీడియో తీసి పంపాడు. సముద్రాన్ని ఆనుకుని ఈత కొలను. అందులో పదేళ్ల పిల్లలు రెండు చేతులూ పైకెత్తి, మోచేతుల దాకా నీటిపైన పెట్టి, నిలువునా తేలుతున్నారు. కాళ్లు మాత్రం లోపల కవ్వం తిప్పినట్టు తిరుగుతున్నాయి. కింద వాడి మెసేజ్: 'సార్, మనం కాలవలో పీచు తీయని టెంకాయతో ఆడింది ఇదే కదా!'

ఇదే. నీళ్లలో తేలుతూ, ఈదుతూ బంతిని గోల్‌లోకి వేసే ఈ ఆటను వాటర్ పోలో అంటారు. మేం దానికి పేరు కూడా పెట్టుకోలేదు.

ఆ ఊరి వాటర్ పోలో క్లబ్బు పేరు ప్రో రెక్కో. నిండా పదివేల జనాభా కూడా లేని ఊరు. 1913లో క్లబ్బు పుట్టింది. రెండో ప్రపంచ యుద్ధంలో బాంబులు పడి ఊరు దాదాపు నేలమట్టమైంది. అలాంటి చోట 1959లో మొదటిసారి ఇటలీ లీగ్ గెలిచారు. 2006 నుంచి 2019 వరకు వరసగా 14 సార్లు వాళ్లే. 2021లో మాత్రం బ్రెషియా జట్టు ఆ పట్టం లాగేసుకుంది. మరుసటి ఏడాదే రెక్కో దాన్ని తిరిగి తెచ్చుకుంది, యూరప్ ఛాంపియన్స్ లీగ్ కూడా గెలిచింది. మా వాడు వెళ్లింది ఆ ఏడే. ఓడిన మర్నాడు మళ్లీ దిగి ఈదడానికి వాళ్లకు నీళ్లున్నాయి. నాకు అసూయ పుట్టింది వాళ్ల కప్పుల మీద కాదు, ఆ నీళ్ల మీద.

మనకు నీళ్లు లేవా అని ఎవరైనా అడగొచ్చు. తూర్పున సముద్రం, ఊరి పక్కనే బకింగ్‌హాం కాలవ, అటు గుండ్లకమ్మ, ఇటు నెల్లూరు వెళ్తే పెన్న. మా పాలెం పిల్లలు నడకతో పాటే ఈత నేర్చుకుంటారు. కానీ ఈ ఆటకు కొలత ఉంది. జట్టుకు ఏడుగురు నీళ్లలో ఉంటారు. ఎనిమిదేసి నిమిషాల ఆట నాలుగు సార్లు. గోల్ కీపర్ తప్ప మిగతావాళ్లు బంతిని ఒంటిచేత్తోనే పట్టాలి, అడుగున కాలు పెట్టి ఆడకూడదు. అంటే ఎటు చూసినా ఆరడుగులకు తక్కువ కాని లోతు కావాలి. కాలవలో ఒకచోట మోకాలి లోతు, ఇంకోచోట బురద గుంట. సముద్రంలోనా? ప్రతి ఎండాకాలం బీచ్‌కొచ్చిన కాలేజీ పిల్లలు అలల్లో కొట్టుకుపోయిన వార్తలు మీ పేపర్లోనే చదువుతున్నాం.

రిటైరవడానికి రెండేళ్ల ముందు, పిల్లల్ని ఆటో ఎక్కించుకుని ఒక పట్టణంలోని ఈత కొలనుకు తీసుకెళ్లాను. పేరు చెప్పను, అక్కడి ఉద్యోగి మంచివాడే. నా చేతిలో బంతి చూడగానే, 'బంతి లోపలికి రాదు మాస్టారూ, రూలు' అన్నాడు. బతిమాలితే పది నిమిషాలిచ్చాడు. తొమ్మిదో తరగతి పిల్లలు దిగి, లోతు అన్న వైపు కూడా మెడ బయటపెట్టి నిలబడ్డారు. ఒకడు నీళ్లలోనే నడుచుకుంటూ వెళ్లి గోల్ వేసి, 'ఇదేం ఆట సార్, చెరువులో గేదెల్లాగా' అన్నాడు. నాకూ నవ్వొచ్చింది. తిరుగు ప్రయాణంలో మాత్రం ఎవరం పెద్దగా మాట్లాడుకోలేదు.

ఇది మన దేశానికి కొత్త ఆటేమీ కాదు. 1951లో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడల్లో వాటర్ పోలో బంగారు పతకం మనదే. ఆ క్రీడల్లోనే వంద మీటర్ల ఈతలో బంగారం గెలిచిన సచిన్ నాగ్, 1948 ఒలింపిక్స్‌లో మన వాటర్ పోలో జట్టులో ఆడినవాడే. నేను పీఈటీ ట్రైనింగ్‌లో ఉన్నప్పుడు ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. కబడ్డీ, వాలీబాల్ కోర్టుల కొలతలు మాత్రం బట్టీ పట్టించారు.

నేను అడిగేది పెద్ద స్టేడియం కాదు. ఎక్కడ కొత్త ఈత కొలను తవ్వినా, ప్లాను గీసే రోజునే సగం కొలనుకైనా ఆరున్నర అడుగుల లోతు పెట్టించండి. తవ్వాక లోతు పెంచడం ఎవరివల్లా కాదు. వారంలో రెండు సాయంత్రాలు బంతిని లోపలికి రానివ్వండి, ఒడ్డున ఒక లైఫ్‌గార్డును పెట్టండి. ఒంగోలు, కావలి, నెల్లూరు, మా కొత్తపట్నం - నాలుగు జట్లు చాలు, చిన్న లీగ్ నడుస్తుంది. ఒక్కరోజు టోర్నమెంటు పెట్టి, దండలేసి, ఫొటోలు దిగి వెళ్లిపోతే పిల్లలు మళ్లీ నీళ్ల మొహం చూడరు. వారం వారం ఆడాలి, ఓడినవాళ్లు పైవారం మళ్లీ రావాలి.

మా ఓడ కుర్రాడు సంక్రాంతికి సెలవు మీద వస్తున్నాడు. గోల్ పోస్టుల వలలు పాలెంలోనే అల్లిస్తాను, డబ్బులు తీసుకోరు అంటున్నాడు. కొలను సంగతి ఏమైందని అడిగాడు. ఇంకా జవాబు పెట్టలేదు.

- ఒక రిటైర్డ్ డ్రిల్లు మాస్టారు,
కొత్తపట్నం, ప్రకాశం జిల్లా